మా వదిన అడ్డగీత

మా వదినని ఫ్యాక్టరీలో అందరూ భూతద్దం అంటారు. చాటుగానే అంటారు. ఎదురుగా అనే ధైర్యం నా ఒక్కదానికే ఉంది. ఆడపడుచునన్న మాటేగానీ నాకున్న అధికారం ఇంకేముంది, ఆ మాత్రం అనకపోతే!

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. పొడవాటి హాలు, వరసగా మిషన్లు. ఒకరు కాలరు కుడితే ఇంకొకరు చేతులు అతుకుతారు, మరొకరు కాజాలు వేస్తారు. అందరి చేతులూ దాటుకుని చొక్కా చివరికి కిటికీ పక్కనున్న బల్ల మీదికి వస్తుంది. అక్కడ మా వదిన నిలబడి ఉంటుంది. చొక్కాని ట్యూబులైటు కింద పరిచి, కాలరు కొసలు రెండూ కలిపి చూసి, లోపలి కుట్టు బయటికి తిప్పి, గుండీలు ఒక్కొక్కటే లాగి చూసి, బాగుంటే కుడివైపు పెడుతుంది. బాగా లేకపోతే సుద్దముక్క తీసుకుని వీపు మీద ఈ భుజం నుంచి ఆ నడుము దాకా, ఆ భుజం నుంచి ఈ నడుము దాకా రెండు గీతలు లాగి ఎడమవైపు పడేస్తుంది. ఆ ఎడమవైపు గుట్ట నా బల్లకి వస్తుంది. కుట్టు విప్పడం, తప్పు సరిచేయడం, మళ్ళీ కుట్టడం నా పని. అంటే ఆమె కోపమే నాకు కూడు పెడుతోందన్నమాట.

ఆ గీతల గురించి మా ఇద్దరికీ ఎప్పుడూ గొడవే. మిగతా బల్లల దగ్గర చూసేవాళ్ళు తప్పున్న చోట బాణం గుర్తున్న చిన్న కాగితం ముక్క అంటించి పంపిస్తారు. కఫ్ దగ్గర తప్పుంటే కఫ్ దగ్గర, జేబు వంకరపోతే జేబు దగ్గర. మా వదిన అంటించదు. "తప్పున్న చొక్కా తప్పున్న చొక్కానే. ఎక్కడుందో నువ్వే వెతుక్కో" అంటుంది. ఒక్క కుట్టు జారిందని తెలుసుకోవడానికి నేను చొక్కా మొత్తం తిరగేసి బోర్లేసి చూడాలి. ఆమెకేం, కోడిగుడ్డు మీద ఈకలు పీకేసి చేతులు దులుపుకుంటుంది. ఆ ఈకలు ఏరుకోవడం నా వంతు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి అన్నయ్యకి స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టింది. నడుము దాకా వచ్చాక కింద ఎక్కడో ఒక వరస వంకరపోయిందని కనబడింది. అంతే, మొత్తం విప్పేసింది. అన్నయ్య ఆ చలికాలమంతా ఊలు ఉండకేసి జాలిగా చూస్తూ గడిపాడు. ఇంకోసారి స్కూటీ నేర్చుకుంటానంది. బాగానే నడిపింది కూడా. ఒకరోజు గేటుకి గుద్దుకుంది, ఇండికేటర్ పగిలింది. తాళం తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టేసి మళ్ళీ దాని వైపు చూడలేదు. "నా కోడలిది ఆరంభశూరత్వం" అని మా అమ్మ తేల్చేసింది. అమ్మకి చెవులు సరిగా వినబడవుగానీ నాలుక మాత్రం నిక్షేపంలా పనిచేస్తుంది.

అందుకే ఒకరోజు అన్నాలు తింటుండగా వదిన "నేను సాయంత్రం కోర్సులో చేరుతున్నా" అంటే మేమెవరమూ కంచాల్లోంచి తల ఎత్తలేదు.

బడి మధ్యలో ఆపేసిన పెద్దవాళ్ళని యూనివర్సిటీలో చేరడానికి సిద్ధం చేసే ఏడాది కోర్సు అది. ఫ్యాక్టరీకి రెండు వీధుల అవతల, పగలు పిల్లల బడి నడిచే భవనంలో చెబుతారు. బెంచీలు పిల్లలవి కావడంతో పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఏడాది చివర పరీక్షలు గట్టెక్కితే యూనివర్సిటీలో సీటు.

"చదివి ఏం చేస్తావు?" అన్నాడు అన్నయ్య. అన్నయ్య నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ మాట కూడా ఆరా తీయడానికి కాదు, ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాడు.

"లెక్కల టీచర్నవుతా."

నేను ఊరుకుంటానా? "పిల్లలందరి వీపుల మీదా సుద్దతో గీతలు గీసి ఎడమవైపు పడేస్తావేమో" అన్నాను. మామూలుగా అయితే నాకు తగిన సమాధానం వచ్చేది. ఆ రోజు మాత్రం మజ్జిగ గ్లాసు పక్కకి జరిపి నెమ్మదిగా చెప్పింది. ఆమె బడిలో ఉన్న చివరి ఏడాది లెక్కల టీచరు బదిలీ అయి వెళ్ళిపోతే ఆ స్థానంలో ఎవరూ రాలేదట. లెక్కల పీరియడ్‌లో ఖాళీ కుర్చీకేసి చూస్తూ పుస్తకంలోవి తనంతట తనే చేసుకునేదట. ఎక్కడైనా ఆగిపోతే అడగడానికి మనిషి లేడు. అలా ఆగిపోయిన చోటే చదువూ ఆగిపోయింది. "ఆ కుర్చీలో నేను కూర్చోవాలని అప్పట్నుంచీ ఉంది. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని" అంది.

నవ్వింది నేనే కదా. "సరేలే, సాయంత్రం వంట నేను చూసుకుంటా. నీ ఉప్పుకి అలవాటుపడిన నాలుకలు నా ఉప్పుకీ అలవాటుపడతాయి" అన్నాను. మా ఇంట్లో క్షమించమని అడగడం అంటే అంతే.

మొదట్లో క్లాసు కిటకిటలాడేదట. వదిన రోజూ ఇంటికొచ్చి వాళ్ళ కబుర్లు చెప్పేది. మంగలి షాపాయన, రాత్రి కాపలా కాసేవాళ్ళు, ఆసుపత్రి ఆయా, బట్టల కొట్లో పనిచేసే చురుకైన అమ్మాయి, పక్కన కూర్చునే సిటీ బస్సు కండక్టరు. కండక్టరు వదినకంటే పెద్దవాడు, పొట్ట ఉన్న మనిషి, బెంచీలో పట్టక పక్కకి తిరిగి కూర్చునేవాడు. వదిన ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. లెక్కల్లో వెనకబడిన మనిషే, కానీ బోర్డు దగ్గర తప్పు చేసినా నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడట.

వానలు మొదలయ్యేసరికి క్లాసు పలచబడింది. నేను వింటూ ఉండగా ఒక సంగతి గమనించాను. ఎవరూ మానేస్తున్నామని చెప్పి మానేయరు. అందరూ "వచ్చేవారం వస్తా" అనే అంటారు. మంగలి షాపుకి జనం వచ్చేదే సాయంత్రం, పాపం ఆయన ఎన్నాళ్ళు తలుపు మూసుకుంటాడు? కాపలావాళ్ళకి డ్యూటీ మారింది. ఆయా కూతురు పురిటికొచ్చింది. వీళ్ళందరి సంగతీ అర్థమవుతుంది. అర్థం కానిది బట్టల కొట్టు అమ్మాయి సంగతి. ఏ అడ్డూ లేదు, ఇంట్లోవాళ్ళు పంపిస్తారు, క్లాసులో అందరికంటే ముందు జవాబు చెప్పేది ఆమే. ఒక చిన్న టెస్టులో తక్కువ మార్కులొచ్చాయి. మర్నాటినుంచి ఆ చోటు ఖాళీ. "అంత తెలివైన పిల్ల అలా ఎలా మానేస్తుంది?" అని వదిన చాలాసార్లు అంది. అంటూ అంటూనే తనూ ఆ దారే పట్టింది.

మొదటి టర్మ్ పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు తొందరగా ఇంటికొచ్చింది. తలనొప్పి అంది. మర్నాడు ఓవర్‌టైమ్ ఉందంది. ఆ రోజు ఓవర్‌టైమ్ లేదని అదే ఫ్యాక్టరీలో పనిచేసే నాకు తెలియదా? ఆ తర్వాత వారం పుస్తకాల సంచీ అటక మీదికి ఎక్కింది. "వచ్చేవారం వెళ్తాలే" అంది.

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నిజానికి నేను సంతోషపడాలి. వంట తప్పింది, సాయంత్రం కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. కానీ మంట తగ్గలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ ఆదివారం కండక్టరు మా ఇంటికొచ్చాడు. వదిన మేడ మీద బట్టలారేస్తోంది. ఆయన చెప్పులు బయట విడిచి, కుర్చీలో కొస మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. అమ్మకి వినబడక "కాస్త గట్టిగా చెప్పు నాయనా, మా ఇంట్లో రహస్యాలు నాకు తప్ప అందరికీ తెలుస్తాయి" అంది. పాపం, ఆయన బస్సులో టిక్కెట్టు అడిగే గొంతుతో చెప్పాల్సి వచ్చింది.

"చెల్లెమ్మ లెక్కల్లో తప్పిందండీ. తప్పాల్సిన మనిషి కాదు. నాకే లెక్కలు చెప్పేది. పేపర్ చూస్తే పేజీ పేజీకీ స్కేలుపెట్టి అడ్డంగా రెండు గీతలు. లెక్కల మేడమ్ అడిగారు, 'ఇవన్నీ ఎందుకు కొట్టేశారు?' అని. 'తప్పొచ్చింది మేడమ్' అంది. 'ఎక్కడొచ్చింది?' అంటే 'చివర్లో' అంది. 'చివర్లో తప్పొస్తే మొదలేం చేసిందమ్మా? మొదటి అడుగులన్నిటికీ మార్కులుంటాయి. కానీ కొట్టేసింది నేను దిద్దకూడదు, అది రూలు. కొట్టెయ్యకపోతే హాయిగా పాసయ్యేవారు' అన్నారు మేడమ్. చెల్లెమ్మ నమ్మలేదండీ. 'తప్పుకి కూడా మార్కులేస్తారా?' అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, మంచి మాటకే అనుకుని. చూస్తే మనిషి లేదు, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది."

"మళ్ళీ వెళ్ళొచ్చుగా?" అన్నాను.

"వెళ్ళొచ్చు. కానీ మూడు వారాలు రాకపోతే పేరు తీసేస్తారు. ఈ వారంతో ఆఖరు. నా దగ్గర చిల్లర లేదని రోజూ ఎవరో ఒకరు తిడతారండీ, బస్సు దిగిపోతానా? మీరైనా చెప్పండి." ఆయన వదిన కిందికి రాకముందే లేచి వెళ్ళిపోయాడు, ఎదురుపడితే ఆమె చిన్నబోతుందని.

అటక మీంచి సంచీ దించి పేపర్ తీసి చూశాను. నాకు ఆ లెక్కలు అర్థం కావు. గీతలు మాత్రం అర్థమయ్యాయి. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి. రోజూ నా బల్ల మీద పడే గీతలే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. చొక్కాని పడేసినట్టే జవాబుని పడేసింది, జవాబుని పడేసినట్టే చదువునీ పడేస్తోంది.

మర్నాడు పని మొదలైన కాసేపటికే నా గుట్టలోకి ఒక నీలం చారల చొక్కా వచ్చింది. వీపు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా సుద్దగీతలు. ఎంత తిప్పినా తప్పు దొరకలేదు. భోజనాల గంట కొట్టగానే అది పట్టుకుని తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. మూతలు తీసిన డబ్బాలు పట్టుకుని మిషన్ల దగ్గరివాళ్ళంతా చెవులు రిక్కించారు. వదినా మరదళ్ళ గొడవంటే ఎవరికి చేదు?

"ఇందులో తప్పెక్కడుంది?" అన్నాను.

"కఫ్ దగ్గర. లోపలి కుట్టు జారింది."

"మిగతా చొక్కా?"

"బాగానే ఉంది."

"బాగున్నదాని మీద గీతెందుకు గీశావు?"

"నీకిప్పుడు కొత్తగా తెలిసిందా నేను గీస్తానని? అన్నం తినే వేళ ఈ గోలేంటి?"

"నీ లెక్కల పేపర్ చూశాను."

ఆమె మొహం మాడిపోయింది. "అదీ ఇదీ ఒకటి కాదు" అంది, గొంతు తగ్గించి.

నాకు గొంతు తగ్గించడం రాదు. "ఒకటి కాదు, నిజమే. చొక్కాని కనీసం నా బల్లకి పంపిస్తావు. విప్పి కుడతాను, బయటికి వెళ్తుంది, ఎవరో ఒకరు తొడుక్కుంటారు. నిన్ను నువ్వు మాత్రం అటక మీద పడేసుకున్నావు. చొక్కాకున్న గతి కూడా నీకు లేదా?"

"అందరూ నవ్వారు."

"నవ్వనీ! చెడిందల్లా పారెయ్యాలంటే ముందు నన్ను పారెయ్యాలి వదినా. కాపురం చెడి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా అమ్మే నోరు తెరిచి లోపలికి రమ్మనలేదు. నువ్వేం చేశావు? పెట్టె నా చేతిలోంచి లాక్కుని లోపల పెట్టావు. తప్పెక్కడ జరిగిందని అడగలేదు. నా మీద గీత గియ్యలేదు. నాకు చేసింది నీకు నువ్వు చేసుకోలేవా?"

అంత మాట అంటానని నేనూ అనుకోలేదు. నోరు జారిందంటే జారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందరి ముందూ. చొక్కా ఆమె బల్ల మీద విసిరేసి నా చోటుకి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

సాయంత్రం ఫ్యాక్టరీ వదిలాక ఇద్దరం ఇంటి దారి పట్టాం. మా వీధి మలుపు దగ్గర నేను తిరిగాను. ఆమె తిరగలేదు. సంచీ లేదు, పెన్ను లేదు, భోజనం డబ్బా చేతిలో పట్టుకుని ముందుకి వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది, అన్నయ్య మజ్జిగ పోసుకుని తినేశాడు.

మళ్ళీ వెళ్ళడం వరకు ఒక ఎత్తు. చెయ్యి మానుకోవడం ఇంకో ఎత్తు. ఏళ్ళ తరబడి గీతలు గీసిన చెయ్యి, తప్పు కనబడగానే దానంతట అదే లేస్తుంది. మేడమ్ ఒక ఉపాయం చెప్పిందట: తప్పు కనబడితే దాని పక్కన చిన్న బాణం వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోండి, టైముంటే వెనక్కి రండి. చెప్పడానికి బాగానే ఉంటుంది. ఇంట్లో పాత పేపర్లు పెట్టుకుని చేస్తున్నప్పుడు చూడాలి ఆమె అవస్థ. మధ్యలో ఆగుతుంది, పెదవి కొరుకుతుంది, స్కేలు వైపు చెయ్యి పోతుంది. నేను వంటగదిలోంచి "చెయ్యీ!" అని అరిచేదాన్ని. స్కేలు దాచేశాం. స్కేలు లేకుండానే గీసింది. అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది. గరిటె పట్టుకుని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "అక్షరమ్ముక్క నాకు రాకపోయినా గీత గీతే, కనబడుతుంది. గీశావా, వేళ్ళు విరుగుతాయి" అంది.

"అత్తయ్యా, ఇది తప్పు జవాబు. చూస్తూ ఎలా వదిలెయ్యను?"

"నా కొడుకు చేసిన తప్పులన్నీ చూస్తూ వదిలెయ్యట్లేదూ? ఇదీ అంతే. ముందుకి పద."

అన్నయ్య మూలన కూర్చుని మోటారు బేరింగు తుడుచుకుంటూ నవ్వాడు. వదిన కూడా నవ్వింది. ఆ నవ్వులో బాణం వేసి పేజీ తిప్పేసింది.

ఈలోగా ఫ్యాక్టరీకి ఆర్డర్ల సీజన్ వచ్చిపడింది. ఈసారి నిజమైన ఓవర్‌టైమే. సూపర్‌వైజర్ సాయంత్రం ఎవరినీ కదలనివ్వలేదు. వదిన వెళ్ళి ఆయన ముందు నిలబడి, పొద్దున అందరికంటే ముందొచ్చి ఆ పని చేస్తాను, సాయంత్రం వదలమంది. కుదరదన్నాడు. మర్నాడు మళ్ళీ నిలబడింది. ఆ మర్నాడు కూడా. అరవలేదు, బతిమాలలేదు, వచ్చి నిలబడేది, అంతే. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆయన రాజు కూడా కాదు, ఉత్త సూపర్‌వైజర్. ఆఖరికి ఒప్పుకున్నాడు. తెల్లవారకముందే లేచి, నిద్రమొహంతో తాళం తీసేవాడి వెనకే హాల్లోకి వెళ్ళేది. కళ్ళకింద నల్లబడింది. ఒకరోజు క్లాసులో బెంచీ మీదే నిద్రపోతే కండక్టరు "చెల్లెమ్మా, స్టాపొచ్చింది" అని లేపాడట.

రెండో టర్మ్ పాసయ్యింది. గొప్ప మార్కులేం కావు, కానీ పేపర్ నిండా బాణాలు. ఒక్క అడ్డగీత లేదు. ఆ పేపర్ నాకు ఇచ్చి నిలబడింది. నేను ఏదో వెటకారం చేద్దామనుకుని చెయ్యలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఫ్యాక్టరీలో కూడా సుద్దగీతలు తగ్గాయి. నాకు బాణం కాగితాలు అంటించిన చొక్కాలు రావడం మొదలైంది. మొదట్లో చొక్కాకి నాలుగైదు అంటించి పంపేది, కసి కొద్దీ. ఫరవాలేదు, వెతుక్కునే బాధ తప్పింది.

ఆఖరి పరీక్షలు వేసవిలో జరిగాయి. లెక్కల పరీక్ష రాసి వచ్చిన రోజు గుమ్మంలోంచే చెప్పడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా పెద్ద లెక్క రెండు పేజీలు చేశాక చూస్తే రెండో వరసలోనే ప్లస్‌కి బదులు మైనస్ గుర్తు వేసిందట. మళ్ళీ చేసే టైము లేదు. "చెమటలు పట్టాయి. చెయ్యి లేచింది కూడా. చెయ్యిని చేత్తోనే పట్టుకుని బాణం వేసి, 'ఇక్కడ గుర్తు తప్పింది, తర్వాత పద్ధతి ఇదే' అని రాసి ఇచ్చేశాను" అంది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. మిగతా పరీక్షల గురించి ఏం చెప్పలేదు, మేమూ అడగలేదు. గండం గడిచిందనుకున్నాం.

ఫలితాలు బడి వరండాలో బోర్డుకి అంటించారు. నేనూ వెళ్ళాను. కండక్టరు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. ముందు ఆయన నంబరే దొరికింది. అన్నీ పాస్, అన్నీ అంచు మీదే. ఆయన నంబరు మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత వదినది. లెక్కల్లో క్లాసుకే రెండో స్థానం. సైన్సు పాస్. భాష పేపర్ తప్పింది.

కండక్టరు తన సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియక జేబులోంచి చేతిరుమాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వదిన బోర్డునే చూస్తోంది.

"భాషలో ఎలా పోయింది వదినా? నీకు రాకపోవడమేంటి?"

"వ్యాసం. ఒక పేజీ రాశాక మధ్యలో ఒక వాక్యం అడ్డదిడ్డంగా వచ్చింది. లెక్క కాదు కదా, బాణం ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. పేజీ మొత్తం కొట్టేశాను. మళ్ళీ మొదలుపెట్టాను, పూర్తవలేదు." ఎవరినీ చూడకుండా చెప్పింది. "చెయ్యి ఆగలేదు."

లెక్కల మేడమ్ వరండా చివరినుంచి చూస్తోంది. ఆమె నన్ను పక్కకి పిలిచింది. "మీరు ఇంట్లో మనిషే కదా. తప్పిన ఒక్క పేపర్ కోసం మళ్ళీ ఏడాది వచ్చి కూర్చోవచ్చు, రూల్లో ఉంది. కానీ నేను చూసినంతలో అన్నీ తప్పినవాళ్ళు నవ్వుకుంటూ తిరిగొస్తారు. ఒక్కటి తప్పినవాళ్ళే రారు. వాళ్ళకి సిగ్గెక్కువ. మీ వదినని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె మొహంకేసే చూశాను. ఇప్పుడు అంటుంది, ఈ మలుపు దగ్గర అంటుంది, "వచ్చేవారం చూద్దాం" అని. అంటే ఏం చెయ్యాలి? తిట్టాలా, ఏడవాలా? తిట్లన్నీ ఇదివరకే వాడేశాను. ఈలోగా ఇంటి గేటు వచ్చేసింది.

గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది. అన్నయ్య చేతులు కడుక్కోకుండానే వచ్చి నిలబడ్డాడు. మా మొహాలు చూసేసరికి ఇద్దరికీ అర్థమైపోయింది.

"పోయిందా?" అంది అమ్మ.

"ఒకటి పోయింది అత్తయ్యా."

"మిగతావి?"

వదిన చెప్పులు విప్పుతూ ఆగింది. కాసేపు ఆలోచించింది, నిజంగా లెక్క చూసుకుంటున్నట్టు.

"ఉన్నాయి" అంది.

అన్నయ్య గ్రీజు చేతులతోనే ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చీర మీద నల్లటి మరక పడింది. ఆమె చూసింది, చూసి ఊరుకుంది. కానీ నాకు భయం పోలేదు. "ఉన్నాయి" అనడం వేరు, కొత్త క్లాసులో, కొత్త మనుషుల మధ్య, పోయినేడు ఇక్కడే ఉన్నానని చెప్పి కూర్చోవడం వేరు. పక్కన కండక్టరు కూడా ఉండడు.

కొత్త క్లాసులు మొదలైన సోమవారం ఫ్యాక్టరీ వదలగానే ఆమె ముందు నడిచింది. నేను కొంచెం వెనక నడిచాను. మా వీధి మలుపు దాటిపోయింది. నేనూ దాటాను, దొంగలా. వంట సంగతి అమ్మ చూసుకుంటుందిలే అనుకున్నాను. బడి కిటికీ పక్కన నిలబడి లోపలికి చూశాను. క్లాసు కిటకిటలాడుతోంది. చిన్న బెంచీల్లో పెద్ద పెద్ద మనుషులు, కొత్త సంచీలు, కొత్త పెన్నులు. చాలామంది వెనక బెంచీల కోసం తోసుకుంటున్నారు. ముందు బెంచీ ఖాళీగా ఉంది.

మేడమ్ బోర్డు తుడుస్తూ వెనక్కి తిరిగింది. గుమ్మంలో మా వదిన.

"వచ్చారా?" అంది మేడమ్. చేతిలో డస్టర్ అలాగే ఉండిపోయింది.

"వచ్చాను మేడమ్" అంది వదిన, అందరికీ వినబడేలా. "నాకింక ఒక్కటే మిగిలింది."

ముందు బెంచీలోకి వెళ్ళి కూర్చుంది.